లెక్కకు రాని గంటలు: ప్రపంచ మహిళా వాలీబాల్ చరిత్ర మనకు చెప్పేది

2025 సెప్టెంబరు 7వ తేదీన థాయ్‌లాండ్ రాజధాని బ్యాంకాక్‌లో ప్రపంచ మహిళా వాలీబాల్ చాంపియన్‌షిప్ ఫైనల్ జరిగినది. ఇటలీ జట్టు టర్కీ జట్టును 3–2 సెట్లతో ఓడించి విజేతగా నిలిచినది. ఈ పోటీల చరిత్రలో మొదటిసారిగా 32 జట్లు పాల్గొన్నవి. కెన్యా వచ్చినది, వియత్నాం వచ్చినది. భారతదేశం మాత్రం లేదు. మన దినపత్రికల క్రీడాపుటలలో ఆ వార్త వెతికి చూసినవారికే కనిపించినది.

ఈ పోటీలు మొదలైననాడు మనం ఉన్నామన్న సంగతి నేడు ఎంతమందికి జ్ఞాపకమున్నది? మొట్టమొదటి ప్రపంచ మహిళా చాంపియన్‌షిప్ 1952లో మాస్కోలో జరిగినది. అందులో పాల్గొన్నవి ఎనిమిది జట్లు. ఏడు ఐరోపా నుంచి వచ్చినవి, ఎనిమిదవది భారతదేశానిది. స్వాతంత్ర్యం వచ్చి అప్పుడే ఐదేళ్ళు నిండిన దేశం నుంచి మన ఆడపడుచులు అంతదూరం వెళ్ళి ఆడినారు. చివరి స్థానంలో నిలిచినారు. అయినా నిలిచినారు. ఎనిమిదింటిలో ఒకటిగా ఉన్నవారము ముప్ఫై రెండింటిలో ఒకటిగా ఎందుకు లేకపోయాము?

కార్మిక సమాఖ్య పత్రికకు ఆటల ప్రసక్తి ఎందుకని కొందరు మిత్రులు అనుకోవచ్చును. వేతన సంఘం, పెన్షను, ఖాళీల భర్తీ, ప్రైవేటీకరణ వంటి సమస్యలు తలమీద ఉండగా వాలీబాల్ గురించి సంపాదకీయమా అని అడగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. జవాబు కూడా సూటిగానే చెప్పవచ్చును. ప్రపంచ మహిళా వాలీబాల్ చరిత్రలో అతి ప్రసిద్ధమైన అధ్యాయాన్ని రచించినవారు ఒక నూలు మిల్లు ఉద్యోగినులు. వారి కథ ఆటస్థలం కథ ఎంతో, పనిగంటల కథ కూడా అంత. ఏది పని, ఏది పని కాదు, ఆ లెక్క ఎవరు వేస్తారు అనే ప్రశ్న ఆ కథకు మూలం. రైల్వే, తపాలా కార్మికులకు ఇంతకంటె పరిచితమైన ప్రశ్న మరొకటి లేదు.

జపాన్‌లో ఒసాకా నగరానికి సమీపంలో కైజుకా అనే ఊరున్నది. అక్కడ నిచిబో అనే వస్త్ర కంపెనీకి నూలు మిల్లు ఉండేది. జపాన్ పారిశ్రామికాభివృద్ధి యావత్తూ మొదట నిలబడినది నూలు, పట్టు మిల్లులలో పనిచేసిన పల్లెటూరి ఆడపిల్లల భుజాలమీద. కంపెనీ హాస్టలులో నివాసం, కంపెనీ గంట మోగితే మెలకువ, కంపెనీ గంట మోగితే నిద్ర. ఆ దేశపు మొదటి ఫ్యాక్టరీ చట్టం 1911లో ఆమోదం పొందినా 1916 వరకు అమలులోకి రాలేదు. మిల్లులలో ఆడవారి రాత్రిపని ఆగడానికి 1929 వరకు పట్టినది. ఆ కార్మికురాళ్ళ దుఃఖగాథను హొసొయి వాకిజో అనే మిల్లు కార్మికుడు 1925లో గ్రంథస్థం చేసినాడు. అటువంటి హాస్టళ్ళలో కాలక్షేపానికీ, ఆరోగ్యానికీ యాజమాన్యాలు ప్రవేశపెట్టిన ఆటలలో వాలీబాల్ ఒకటి. రెండు గుంజలు, ఒక వల, ఒక బంతి ఉంటే చాలును. ఖర్చు తక్కువ.

యుద్ధానంతరం నిచిబో కంపెనీ తన వివిధ మిల్లులలోని మంచి క్రీడాకారిణులను కైజుకాకు చేర్చి ఒకే జట్టుగా కూర్చినది. శిక్షకుడుగా హిరోబుమి దాయ్‌మత్సు నియమితుడైనాడు. ఆయన కూడా ఆ కంపెనీ ఉద్యోగే. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యాధికారిగా ఇంఫాల్ దండయాత్రలో పాల్గొని, ఆ ఘోరమైన తిరోగమనంలో ప్రాణాలతో బయటపడిన కొద్దిమందిలో ఒకడు. మన దేశపు ఈశాన్య సరిహద్దు అడవులలో నేర్చుకున్న కాఠిన్యాన్ని ఆయన కైజుకా ఆటస్థలానికి తీసుకువెళ్ళినాడు.

ఆ జట్టు దినచర్య లోకప్రసిద్ధం. ఉదయం ఎనిమిది గంటలకు ఆఫీసులో గుమాస్తా పని. మధ్యాహ్నం మూడున్నర, నాలుగు ప్రాంతంలో అది ముగిసేది. అక్కడినుంచి నేరుగా ఆటస్థలానికి. సాధన అర్ధరాత్రి వరకు, పెద్ద పోటీలు దగ్గరపడితే అర్ధరాత్రి దాటి కూడా సాగేది. మరునాడు ఉదయం ఎనిమిదికి తిరిగి ఆఫీసు. బంతి కోసం నేలమీద పడి, దొర్లి, ఆ దొర్లుడుతోనే లేచి నిలబడే పద్ధతిని వారు అభ్యసించినారు. నేడు ప్రపంచమంతటా పిల్లలు నేర్చుకునే ఈ విద్య మోచేతులు, తుంటి ఎముకలు కమిలిపోయేటట్లు లెక్కలేనన్నిసార్లు నేలమీద పడి వారు సంపాదించినది.

ఫలితం కూడా లోకప్రసిద్ధమే. 1952, 1956, 1960 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచిన సోవియెట్ జట్టును 1962లో మాస్కోలోనే, వారి ప్రేక్షకుల ఎదుటనే జపాన్ ఓడించినది. అంతకు ముందు సంవత్సరం ఐరోపా పర్యటనలో వీరి ఆట చూసినవారు 'తూర్పుదేశపు మంత్రగత్తెలు' అని పేరు పెట్టినారు. 1964లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో వాలీబాల్‌కు మొదటిసారి చోటు లభించినది. ఒలింపిక్ చరిత్రలో ఆడవారు జట్టుగా ఆడిన మొదటి బంతి ఆట అదే. ఆనాటి 12 మంది జపాన్ క్రీడాకారిణులలో 10 మంది కైజుకా మిల్లువారు. కెప్టెన్ మసాయే కసాయికి అప్పుడు 31 ఏళ్ళు. అక్టోబరు 23న సోవియెట్ జట్టుపై 15–11, 15–8, 15–13తో వరుస సెట్లలో విజయం సాధించినారు. టోక్యో ప్రాంతంలో టెలివిజన్ ఉన్న ఇళ్ళలో 66.8 శాతం ఆ ఆటను చూసినవని లెక్క తేలినది. కంపెనీ జట్టుగా వారి వరుస విజయాలు 258కి చేరి, 1966లో గాని ఆగలేదు.

ఇంతవరకు పత్రికలు చెప్పే కథ. ఇకమీదటిది కార్మికోద్యమం చెప్పుకోవలసిన కథ.

జపాన్‌లో 1947లో కార్మిక ప్రమాణాల చట్టం వచ్చినది. రోజుకు ఎనిమిది గంటల పని అని ఆ చట్టం నిర్ణయించినది. రాత్రి పది నుంచి ఉదయం ఐదు వరకు స్త్రీలచేత పని చేయించరాదని సాధారణ నియమం పెట్టినది. దశాబ్దాలపాటు మిల్లు కార్మికురాళ్ళు రక్తం కక్కుకుని చనిపోయిన తరువాత సాధించిన హక్కు అది. అటువంటి చట్టం అమలులో ఉన్న దేశంలో, ఒక మిల్లు ఆవరణలో, ఆ మిల్లు ఉద్యోగినులు ఆ మిల్లు పేరు ఛాతీమీద ధరించి, ఆ మిల్లు ఉద్యోగి అజమాయిషీలో అర్ధరాత్రి వరకు శ్రమించినారు. అది పనిగా లెక్కకు రాలేదు. ఎందుకంటే దానికి ఆట అని పేరు. కదురు దగ్గర ఆగిన చట్టం వల దగ్గరకు చేరలేకపోయినది.

ఈ సందర్భంలో ఒక జాగ్రత్త అవసరం. ఆ క్రీడాకారిణులను కేవలం బాధితులుగా చిత్రించడం వారికి అవమానం. ఎవరి బలవంతంవల్లనో తాము ఆడలేదనీ, గెలవాలనే పట్టుదల తమదేననీ వారు జీవితాంతం చెప్పుకున్నారు. 2021లో జూలియన్ ఫరో అనే ఫ్రెంచి దర్శకుడు వారిపై తీసిన డాక్యుమెంటరీ చిత్రంలో, వృద్ధాప్యంలోకి వచ్చిన ఆ స్త్రీలు తమ గతాన్ని గర్వంతోనే స్మరించుకున్నారు. ఆ గర్వం న్యాయమైనది. విజయం వారిది. నూలు మిల్లు అమ్మాయి అంటే జాలిపడడం తప్ప మరేమీ తెలియని సమాజం ఎదుట వారు తలెత్తి నిలిచినారు. ఈ సత్యాన్ని కాదనే కార్మిక నాయకుడికి కార్మికుల హృదయం తెలియదు.

అయితే విజయం వారిదైనప్పుడు, దాని లాభం ఎవరి ఖాతాలో పడినది అని అడిగే బాధ్యత మనది. 'కోంజో' అంటే మొండి పట్టుదల. టోక్యో విజయం తరువాత జపాన్ అంతటా ఆ మాట మారుమోగినది. దాయ్‌మత్సు రచించిన పుస్తకాలను కంపెనీ అధికారులు ఎగబడి చదివినారు. అలసిపోయానని చెప్పే కార్మికుడికి ఆ మంత్రగత్తెలను చూపించడం మొదలైనది. ఆడపిల్లలే అర్ధరాత్రి దాకా శ్రమిస్తుండగా నీవు ఓవర్‌టైమ్ లెక్క అడుగుతావా అన్నది దానిలోని ధ్వని. ఒక పతకం కోసం కొందరు ఇష్టపూర్వకంగా చేసిన త్యాగం, కోట్లమంది నుంచి బలవంతంగా గుంజుకునే త్యాగానికి ఆదర్శమై కూర్చున్నది. దాయ్‌మత్సు 1968లో పాలకపార్టీ తరఫున పార్లమెంటు ఎగువసభకు ఎన్నికైనాడు. ఆయనకు కీర్తి, పదవి రెండూ దక్కినవి.

ఆ స్త్రీలకు దక్కినదేమిటి? 1962 విజయం తరువాత వారిలో అనేకులు ఆటనుంచి విరమించుకోదలచినారు. ఇరవై దాటి పోతున్న వయస్సు, ఇళ్ళలో పెళ్ళి మాటలు, ఆ సమాజంలో ఆ వయస్సు మించితే సంబంధాలు కుదరవన్న భయం. అప్పుడు దేశం నలుమూలల నుంచి వేలాదిగా ఉత్తరాలు వచ్చినవి. ఒలింపిక్ వరకు ఆడవలసిందేనని ఆ ఉత్తరాల సారాంశం. ఆ సంచులు మోసినది కూడా తపాలా కార్మికులే. దేశం అడిగినది, వారు కాదనలేకపోయినారు. చివరకు 1965లో కెప్టెన్ కసాయికి పెళ్ళి సంబంధం చూపడానికి సాక్షాత్తు ప్రధానమంత్రి ఐసాకు సాటో పూనుకోవలసి వచ్చినది. పత్రికలు దీనిని ముచ్చటగా వ్రాసినవి. స్త్రీ యౌవనాన్ని జాతీయ గౌరవం కోసం వాడుకున్న రాజ్యం, దానికి బదులుగా ఒక సంబంధం చూపి ఋణం తీర్చుకున్నట్లు భావించినదంటే అందులో ముచ్చట ఎంత, విషాదం ఎంత అన్నది పాఠకులే ఆలోచించాలి.

ఆ జట్టు తరువాతి చరిత్ర మరొక పాఠం. నిచిబో మరొక కంపెనీతో విలీనమై యూనిటికా అయినది. వస్త్ర పరిశ్రమ క్షీణించినది, ఖర్చుల కోత మొదలైనది. 2000లో యూనిటికా తన మహిళా వాలీబాల్ జట్టును వదిలించుకున్నది. జట్టు మరొక కంపెనీకి బదిలీ అయినది. 1976 మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో జపాన్‌కు స్వర్ణం తెచ్చిన జట్టుకు వెన్నెముకగా నిలిచిన హిటాచీ కంపెనీ జట్టు 2001లో రద్దయినది. యజమాని దయతో వచ్చినది యజమాని జమాఖర్చులతో పోతుంది. ఆట కూడా ఇందుకు మినహాయింపు కాదు.

మరి వల అవతలి పక్కన పరిస్థితి వేరుగా ఉన్నదా? సోవియెట్ యూనియన్‌లో క్రీడలు చాలావరకు కార్మిక సంఘాల, ప్రభుత్వశాఖల క్రీడాసంఘాల ఆధ్వర్యంలో నడిచేవి. రైల్వే కార్మికుల క్రీడాసంఘం 'లోకోమోటివ్' 1936లోనే ఏర్పడినది. సామాన్య కార్మికుడికి, కార్మికురాలికి ఆటస్థలం ఒక హక్కుగా అందాలన్న ఆలోచన గొప్పది. దానిని మనం గౌరవించవలసినదే. కాని ప్రపంచ పోటీల స్థాయికి చేరిన క్రీడాకారిణులు అక్కడ కూడా కాగితం మీద విద్యార్థినులో, ఉద్యోగినులో. వాస్తవానికి వారి పని ఆటే. 'అమెచ్యూర్' అన్న మాట వెనుక ఉభయపక్షాలూ ఒకే సత్యాన్ని దాచినవి. ఆ స్థాయిలో ఆట అన్నది శ్రమ. శ్రమ అయినప్పుడు దానికి గంటల పరిమితి ఉండాలి, వేతనం ఉండాలి, గాయానికి పరిహారం ఉండాలి, విశ్రాంతి ఉండాలి.

ఇక మన సంగతి.

శ్రమను లెక్కలోకి రాకుండా చేసే విద్యలో మన ప్రభుత్వం ఎవరికీ తీసిపోదు. జపాన్‌లో ఆ చట్టం వచ్చిన 1947లోనే మన రైల్వేలలో పనిగంటలపై రాజాధ్యక్ష తీర్పు వెలువడినది. ఆ వర్గీకరణ క్రింద 'ఎసెన్షియల్లీ ఇంటర్మిటెంట్' అనే ముద్ర పడిన గేట్‌మన్ పన్నెండు గంటలు గేటు వద్దనే ఉన్నా, రైలుకూ రైలుకూ నడుమ అతడు కాచుకొని ఉన్న సమయం పూర్తి పనిగా పరిగణన పొందదు. గ్రామీణ డాక్ సేవక్‌కు నాలుగు గంటలు, ఐదు గంటలు అని లెక్కగట్టి భృతి ఇస్తారు. ఊరివారు తలుపు తట్టే వేళలు ఆ లెక్కలో ఉండవు. లోకో రన్నింగ్ సిబ్బందికి ఎనిమిది గంటల డ్యూటీ కావాలన్నది 1974 మే నెల మహా సమ్మె డిమాండ్లలో ప్రధానమైనది. వేలాదిమంది జైలుకు వెళ్ళినారు, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. గంట అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇందులో స్త్రీ ఉద్యోగిని పరిస్థితి రెండింతలు కఠినం. డ్యూటీ దిగిన తరువాత పురుషుడికి సాయంకాలం ఉన్నది. ఆమెకు వంటిల్లు ఉన్నది. లాలాగూడ నుంచి కాజీపేట, గుంతకల్లు, వాల్తేరు, మన తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూర్ వరకు ఏ రైల్వే కాలనీకి వెళ్ళినా సాయంత్రం వేళ వాలీబాల్ కోర్టు కనిపిస్తుంది. అక్కడ ఆడుతున్నది ఎవరు? పురుషులు, మగపిల్లలు. ట్రాక్ మీద సుత్తి పట్టి పనిచేసిన కార్మికురాలు, బుకింగ్ కౌంటర్‌లో ఎనిమిది గంటలు కూర్చున్న గుమాస్తా, ఉత్తరాల సంచి మోసిన పోస్ట్‌వుమన్ కూరగాయల సంచితో ఆ కోర్టు పక్కనుంచే ఇంటికి నడుస్తారు. వారికి ఆట మీద ఆసక్తి లేదని ఎవరైనా అంటే అది అసత్యం. వారికి లేనిది గంట.

రైల్వేలు దేశంలో క్రీడాకారిణులకు ఉద్యోగాలిచ్చే పెద్ద సంస్థలలో ఒకటి. మన రైల్వే మహిళా వాలీబాల్ జట్టు పలుమార్లు జాతీయ చాంపియన్‌గా నిలిచినది. పల్లెల నుంచి, పేద కుటుంబాల నుంచి వచ్చిన ఎందరో ఆడపిల్లలకు స్పోర్ట్స్ కోటా జీవితాన్ని నిలబెట్టినది. ఇది ప్రభుత్వరంగం సాధించిన ఘనత. రైల్వేలను ముక్కలు చేసి అమ్మదలచినవారు ఈ ఘనతను కూడా అమ్ముతున్నారని జ్ఞాపకం పెట్టుకోవాలి. యూనిటికా, హిటాచీ జట్లకు పట్టిన గతి మన జట్లకు పట్టరాదంటే ప్రభుత్వరంగం నిలవాలి.

కాని ఘనత చెప్పుకొని ఊరుకుంటే చాలదు. కేంద్ర ప్రభుత్వోద్యోగికి జాతీయ, అంతర్జాతీయ పోటీలలో పాల్గొనడానికి సంవత్సరానికి 30 రోజులవరకు ప్రత్యేక క్యాజువల్ సెలవు నిబంధనలలో ఉన్నది. పోటీ జరిగే రోజులు సరే. ఆ పోటీకి తయారు చేసే నెలల సాధన మాట ఏమిటి? అది డ్యూటీయా, సెలవా, పై అధికారి దయా? మోకాలు దెబ్బతిని ముప్ఫై ఏళ్ళకే ఆట ముగిసిన క్రీడాకారిణి తిరిగి సెక్షన్‌కు వచ్చినప్పుడు, ఆమె సీనియారిటీ, ప్రమోషను పరీక్షల అవకాశం ఏ స్థితిలో ఉంటాయి? 2023లో ఢిల్లీ జంతర్‌మంతర్ వద్ద లైంగిక వేధింపులపై న్యాయం కోరుతూ వారాల తరబడి నిరసన తెలిపిన కుస్తీ క్రీడాకారులలో రైల్వే ఉద్యోగులు, ఉద్యోగినులు ఉన్నారు. వారు పతకం తెచ్చిననాడు మన ఉద్యోగినులు, ప్రశ్నించిననాడు పరాయివారా?

అందువల్ల ఈ విషయాన్ని శాఖా సమావేశాల ఎజెండాలో 'ఇతర అంశాలు' అన్న చివరి పంక్తి నుంచి పైకి తీసుకురావలసి ఉన్నది. మనం అడగవలసినవి స్పష్టమైనవి. సంస్థ పేరుమీద సాధన చేసే ప్రతి గంటా డ్యూటీగా పరిగణన పొందాలి. దానికి పరిమితీ, వారాంతపు విశ్రాంతీ ఉండాలి. సాధనలో తగిలిన గాయం డ్యూటీలో తగిలిన గాయంతో సమానం కావాలి. ఆట ముగిసిన తరువాత ఉద్యోగ జీవితానికి రక్షణ ఉండాలి. లైంగిక వేధింపుల నిరోధానికి 2013 చట్టం క్రింద ఏర్పడే అంతర్గత కమిటీల పరిధి శిక్షణ శిబిరాలలో, పర్యటనలలో కూడా ఆచరణలో కనిపించాలి. వీటన్నింటికంటె ముందు, సామాన్య ఉద్యోగినికి ఆడుకొనే వీలుండాలి. ఇన్‌స్టిట్యూట్‌లలో, డివిజన్ కేంద్రాలలో మహిళలకు ప్రత్యేక వేళలు, దుస్తులు మార్చుకొనే గది, మరుగుదొడ్డి, పిల్లలను చూసుకొనే ఏర్పాటు ఉండాలి. పతకం తేగలిగిన పన్నెండు మంది కోసం మాత్రమే నడిచే క్రీడావిధానం ప్రదర్శనశాల అవుతుంది. ప్రజల ఆట కాజాలదు.

ఇందులో కొంత మన చేతిలోనే ఉన్నది. శాఖ కార్యదర్శి తలచుకుంటే వారానికి రెండు సాయంకాలాలు కోర్టు మహిళలకు వదలమని పురుష సభ్యులకు చెప్పగలడు. ఆ సాయంకాలాలలో ఇంటి పని కొంత భుజాన వేసుకోమని కూడా చెప్పగలడు. సర్కులర్ అవసరం లేని సంస్కరణ ఇది. మేనేజ్‌మెంటు లెక్కవేయని గంటల గురించి పోరాడే మనం, మన ఇళ్ళలో లెక్కవేయని గంటల గురించి మౌనం వహిస్తే ఆ పోరాటానికి సగం బలమే ఉంటుంది.

ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల విశ్రాంతి, మిగిలిన ఎనిమిది గంటలు మా ఇష్టం అన్నది మే దినోద్యమపు మూలసూత్రం. మొదటి ఎనిమిదింటి కోసం మనం ఎన్నో సమ్మెలు చేసినాము. మూడవ ఎనిమిదింటిని గురించి తగినంత ఆలోచించలేదు. కైజుకా స్త్రీలు మూడవ ఎనిమిదింటినీ, రెండవ ఎనిమిదింటిలో కొంతభాగాన్నీ కంపెనీకి ధారపోసి ప్రపంచాన్ని జయించినారు. వారి విజయానికి నమస్కరిద్దాము. అంతటి మూల్యం చెల్లించనవసరం లేకుండా మన ఉద్యోగినులు ఆడుకొనే రోజు కోసం పనిచేద్దాము. రానున్న వార్షిక మహాసభలకు శాఖలు పంపే తీర్మానాలలో ఈ అంశం ఉండాలని, దానిని ప్రతిపాదించేవారిలో మహిళా సభ్యులు ముందుండాలని ఈ పత్రిక కోరుతున్నది.